శిశువు రాకకు గృహసన్నాహము

ఇంట పెండ్లి కుదిరినయెడల మనవారు నెలల ముందుగనే గోడలకు సున్నము కొట్టింతురు. బతుకమ్మ పండుగ వచ్చుచున్నదనిన వాకిళ్ళలికి, అటకమీది ఇత్తడి పాత్రలను దింపి తోమింతురు. క్రొత్తల్లుడు నాలుగు దినములుండి పోవుటకు పరుపులెండబెట్టి మంచములు మార్తురు. తన రాకను తొమ్మిది నెలలు ముందుగా తెలిపి, ఒంటరిగా, నోట మాటలేక, ఒడలిపై గుడ్డయైన లేక వచ్చి, వచ్చిన పిదప బ్రదుకెల్ల మనదై యుండు నతిథి విషయమున మాత్రము మన గృహములలో నేర్పాటులు మిక్కిలి తక్కువ. "పుట్టకముందే గుడ్డలు కుట్టింపరాదు, తొట్టెల కొనరాదు" అని జగిత్యాలలోను, కోరుట్లలోను, సిరిసిల్లలోను పెద్ద ముత్తైదువలు నేటికిని వారించుట మేమెఱుగుదుము. "ఆలు లేదు, చూలు లేదు" అను సామెతను వారు దీనికి ప్రమాణముగా జూపుదురు. ఆలును చూలును రెండు నున్నచోట ఆ సామెత యెట్లు వర్తించునో మా న్యాయవాదబుద్ధికి తోచకున్నది.

అయినను ఈ నిషేధమును పరిహసించుట మా యుద్దేశము గాదు. పుట్టిన బిడ్డలలో ననేకులు పురిటిలోనే పోవుచుండిన కాలమున, కొన్న తొట్టెల శూన్యముగా వ్రేలాడుచుండ జూచుటకంటె తల్లికి గొప్ప శిక్ష లేదు. ఆ దుఃఖమునుండియే యీ యాచారము పుట్టియుండవచ్చును. కావున పెద్దల మనస్సు నొప్పించి ముందుగా నేదియో కొనుడని మేము చెప్పము. శిశువు కొఱకు ఇంట జేయవలసిన పనులలో కొనవలసినవి స్వల్పము, తీసివేయవలసినవే విస్తారము. పొగ, ధూళి, చీకటి, జనసమ్మర్దము, కడుగని చేతులు, తొలిపాలను గూర్చిన భయము, వీనిని ఇంటినుండి వెడలగొట్టుటకు ఏ ముహూర్తమును జూడనక్కఱలేదు. ఏ దిష్టియు దగులదు.

స్వాతంత్ర్యమునకు ముందు స్త్రీల యారోగ్యమును గూర్చి వ్రాసిన సంస్కర్తలు పురిటిగదినే ముఖ్యముగా నిందించెడివారు. కిటికీ లేని గది, మాసిన చాప, తుప్పుపట్టిన కొడవలితో బొడ్డు కోయు మంత్రసాని, ఇవి వారి వ్రాతలలో నాటి పాఠకులకు సుపరిచితములు. ఆ కథ నేడు చాలవఱకు ముగిసినది. 2019 మొదలు 2021 వఱకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేను బట్టి, తెలంగాణమున నూటికి 97 కాన్పులు వైద్యశాలలలోనే జరిగినవి. బొడ్డు కోతవలన వచ్చుచుండిన ధనుర్వాతము శిశుమరణకారణములలో నగ్రస్థానముననుండి దిగజాఱి, 2003లో నప్పటి ఆంధ్రప్రదేశమున దాని నిర్మూలనము నిర్ధారితమయ్యెను. మన మూడు పట్టణములును నాటికి ఆ రాష్ట్రపు కరీంనగరు జిల్లాలోనివే. 2015 నాటికి దేశమంతటికిని ఆ నిర్ధారణము లభించినది. ఇది సామాన్యవిజయము గాదు.

అయినను అదే సర్వేలో వేయిమంది శిశువులకు దాదాపు 17 మంది పుట్టిన నెలలోపలనే పోయినట్లున్నది. వైద్యశాలలో బుట్టిన బిడ్డ యేల పోవలయును? కొందఱు నెలలు నిండక పుట్టి పోవుదురు, కొందఱు పుట్టునప్పుడే ఊపిరి యాడక పోవుదురు. మిగిలినవారి సంగతి విచారింపగా, తల్లియు బిడ్డయు మూడవనాడో, కోత జరిగినచో ఐదాఱు దినములకో ఇల్లు చేరుదురు. పురిటిగది పోయినది గాని పురిటిగది యలవాట్లు మన యిండ్లలో వారి కొఱకు నిరీక్షించుచునే యున్నవి. వైద్యశాల గుమ్మము దాటిన బిడ్డకు నెలనాళ్ళు ఇల్లే వైద్యశాల. ఆ యింటిని గూర్చియే యీ వ్యాసము.

మొదట గది. మన ప్రాంతమున తొలికాన్పు తల్లిగారింటనే జరుగుట యాచారము. ఇది మంచి యాచారము, విడువరాదు. కాని తల్లిగారింట బాలింతకిచ్చు గది తఱచుగా ఇంటి వెనుకటి భాగమున వడ్లబస్తాలు నిలువచేయు గదియై యుండును. దానికి కిటికీ యున్నను గాలి తగులునని మూసి గుడ్డ గ్రుక్కెదరు. ఎనిమిదవ నెల రాగానే ఆ గదిని ఖాళీచేసి, బస్తాలను వెలికిదీసి, బూజు దులిపి, సున్నము కొట్టించి, కిటికీ తలుపులు సులువుగా తెఱచుకొనునట్లు చేయింపవలయును. వెలుతురు అలంకారము కొఱకు గాదు. పుట్టిన బిడ్డలలో ననేకులకు రెండవ మూడవ దినములలో పసిరికలు కనబడును. అవి చాలవఱకు తమంతట తగ్గును. కొందఱిలో మితిమీఱి మెదడునకు హాని చేయును. చీకటి గదిలో బిడ్డ చర్మపు రంగెవ్వరికి దెలియును? 1956 ప్రాంతమున ఇంగ్లండులోని రాచ్‌ఫర్డు వైద్యశాలలో వార్డు అను నర్సు బిడ్డలను ఎండకు వెలుపలికి దీసికొనిపోవు నలవాటు గలది. ఆమె చేతిలోని బిడ్డకు ఎండ తగిలిన భాగమున పసుపు తగ్గి, గుడ్డ కప్పిన భాగమున మిగిలియుండుటను వైద్యులు చూచిరి. నేడు వైద్యశాలలలో పసిరికల బిడ్డలను నీలికాంతి క్రింద బరుండబెట్టుట ఆ పరిశీలనమునుండియే వచ్చినది. ఇంటి కిటికీ వెలుతురు ఆ చికిత్సకు బదులు గాదు; రోగమును గుర్తించుటకు మాత్రము అది చాలును. అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినను, మొదటి దినముననే పసుపు కనబడినను, ఇంట గూర్చుండక వెంటనే వైద్యుని జేరవలయును.

చలికాలమున బాలింత మంచము క్రింద నిప్పుల కుంపటి నుంచుట మన పల్లెలలో నింకను గలదు. తలుపులు మూసిన గదిలో బొగ్గులు సగము కాలి పుట్టించు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము దీయును. శిశువునకు స్నానానంతరము సాంబ్రాణి పొగ పట్టించుటయు నిట్టిదే. సాంబ్రాణి వాసన మాకును ప్రియమే, దేవుని యెదుట వేసికొందురు గాక. పది దినముల పసికందు ఊపిరితిత్తులు దేవాలయము గావు.

వెచ్చదనము కావలసినచో దానికి ఉత్తమసాధనము తల్లి యెదయే. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున శిశువులను వెచ్చగా నుంచు యంత్రములు చాలక, ఎడ్గార్ రే అను వైద్యుడు నెల తక్కువ బిడ్డలను తల్లుల ఱొమ్మునకు చర్మము చర్మమును తాకునట్లు కట్టించెను. దరిద్రములో బుట్టిన యుపాయమని మొదట చులకన చేసినవారును తరువాత దానిని స్వీకరించిరి. 2021లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశోధనమున, భారతదేశముతో గూడ అయిదు దేశములలో, తక్కువ బరువు బిడ్డలకు పుట్టినవెంటనే ఈ పద్ధతి నారంభించుటచేత మరణములు నాలుగవవంతు తగ్గినవని తేలినది. కావున 2,500 గ్రాములకు తక్కువ తూగిన బిడ్డ యింటికి వచ్చినయెడల కుంపటి వెదకక, ముందు బొత్తాములున్న వదులైన రవికెను, నడుమునకు గట్టుకొను మెత్తని పాత చీరను సిద్ధముచేయుడు. తల్లి యలసినప్పుడు తండ్రి ఱొమ్మైనను, అమ్మమ్మ ఱొమ్మైనను పనికివచ్చును.

మన సీమకు చలికంటె ఎండయే ప్రబల శత్రువు. వేసవిలో జగిత్యాల ప్రాంతమున ఎండ 45 డిగ్రీలు చేరుట క్రొత్తగాదు. స్లాబు ఇండ్ల పై యంతస్తు గది సాయంకాలమునకు పొయ్యివలె నుండును. అట్టి గదిలో బాలింతకు చెవులకు గుడ్డ కట్టి, బిడ్డను ఉన్ని టోపీతో, రెండు దుప్పట్లతో చుట్టుట మేము పెక్కుచోట్ల చూచితిమి. బిడ్డ ఒడలు కాలుట జూచి జ్వరమనుకొందురు; అది కొన్నిచోట్ల జ్వరము గాదు, నీరింకుటయే. పాతకాలపు గూన పెంకుటిల్లు గల వారు అదృష్టవంతులు. తక్కినవారు క్రింది యంతస్తు గది నీయుడు. కిటికీకి తడి వట్టివేళ్ళ తడికె కట్టుడు. కూలరు గాలి బిడ్డమీద నేరుగా కొట్టకుండ జూడుడు. పెద్దలు ఒక వరుస గుడ్డ వేసికొన్నచోట బిడ్డకు ఒకటి ఎక్కువ వేసిన చాలును. మేనెలలో పలుచని నూలు గుడ్డ యొక్కటియే చాలును.

ఇక మన మూడు పట్టణములకు ప్రత్యేకమైన సంగతికి వచ్చెదము. కోరుట్లలోను, జగిత్యాలలోను, సిరిసిల్లలోను వేలకొలది యిండ్లలో స్త్రీల చేతిలో బీడీల చాట యుండును. చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారము. తంబాకు సంచి మంచము క్రిందనో, గూటిలోనో యుండును. చూలాలు తొమ్మిదవ నెల వఱకు చేయుచునే యుండును. కాన్పైన నెలకే తిరిగి చాట ముందు గూర్చుండును. ఏలయనగా వేయింటికి లెక్క. చేయనిచో కూలి లేదు. తంబాకు ధూళిలోని నికోటిను ఊపిరివెంటను, చేతి చర్మమువెంటను తల్లి నెత్తురులో జేరును. నెత్తురులోనిది చనుబాలలోనికి దిగును. తంబాకు నంటిన చేతితోనే ఆమె బిడ్డ మూతి తుడుచును, అదే కొంగు బిడ్డకు కప్పును.

"బీడీలు మానుము" అని ఆమెతో జెప్పుట సులభము. ఆ మాట జెప్పు పెద్దమనిషి ఆమె కూలిని తానిచ్చునా? కావున చేయగలిగినదానిని జెప్పెదము. తంబాకు సంచియు, ఆరబెట్టిన బీడీల కట్టలును బాలింత పండుకొను గదిలో నుండరాదు. పంచలోనో, వేఱొక అఱలోనో మూతగల డబ్బాలో నుంచవలయును. పని పంచలోనే, గాలి యాడుచోట జరుగవలయును. పనికి ఒక పాత చీర ప్రత్యేకముగా నుంచుకొని, బిడ్డ నెత్తుకొనుటకు ముందు దానిని మార్చి, చేతులు మోచేతుల వఱకు సబ్బుతో కడుగవలయును. చాట ప్రక్కన తొట్టెల కట్టరాదు. ఇంట ఇతర స్త్రీలున్నయెడల ఆ రెండు నెలలు ఆమె వంతు పనిని పంచుకొనుట వారి ధర్మము.

ఇచ్చట న్యాయవాదులుగా ఒక మాట చెప్పుట మాకు విధి. 1966లో చేయబడిన బీడీ, సిగారు కార్మికుల చట్టము కార్ఖానాలో పనిచేయువారికేగాక, ఇంటికి సరకు దెచ్చుకొని చేయు స్త్రీలకు గూడ 1961 నాటి ప్రసూతి సహాయ చట్టమును వర్తింపజేసెను. యజమానులు ఆ చట్టమును ప్రశ్నింపగా 1974లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. 2017లో మొదటి ఇద్దఱు బిడ్డలకు సెలవు కాలమును 12 వారములనుండి 26 వారములకు పెంచిరి. తరువాత ఈ పాత చట్టములను గలిపి 2020లో క్రొత్త కార్మిక సంహితలు చేయబడినవి. ఇన్ని చట్టములుండియు ఆ సహాయమును పొందిన బీడీ స్త్రీ యెంత యరుదో ఆ వీధులు తిరిగినవారికి దెలియును. కారణ మొక్కటి స్పష్టము: పుస్తకముపై పేరొకరిది, పని మఱొకరిది. అత్త పేరిట పుస్తకము, కోడలి చేతిలో చాట. చూలాలి పేరు పుస్తకములోను, భవిష్యనిధి ఖాతాలోను ఉన్నదో లేదో అయిదవ నెలకే విచారించుట గూడ గృహసన్నాహములోనిదే. ఈ పత్రికను చదువువారిలో బీడీ కంపెనీలతో సంబంధము గలవారున్నయెడల వారికి దీనిని మఱింత వివరింప నక్కఱలేదు.

సిరిసిల్లలో తంబాకునకు తోడు సాంచాలు. గోడకవతల మరమగ్గములు పగలు రేయి ఆడుచుండగా ఇవతల బిడ్డ నిదురింపవలయును. సాంచాల చప్పుడు మగ్గపు కొట్టములో 90 డెసిబెళ్ళను మించును. పుట్టిన బిడ్డలుండు వైద్యశాల గదులలో శబ్దము 45 డెసిబెళ్ళను దాటరాదని 1997లో అమెరికా శిశువైద్యులు సూచించిరి. కొట్టమునకు దూరపు గదిని తల్లికిచ్చుట, మధ్య తలుపును మూసియుంచుట, నూలు నుసి నిండిన అంగీతో తండ్రి బిడ్డ నెత్తుకొనకుండుట, ఇంతమాత్రమైనను చిన్న ఆసామి యింటగూడ సాధ్యమే.

1847లో వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అను వైద్యునికి ఒక వింత కనబడెను. మంత్రసానులు చూచు వార్డులోకంటె చదువుకొన్న వైద్యులు చూచు వార్డులోనే బాలింతలు అధికముగా చనిపోవుచుండిరి. ఏప్రిల్ నెలలో ఆ వార్డున నూటికి 18 మంది పోయిరి. శవములను కోసిన చేతులతోనే వైద్యులు బాలింతలను ముట్టుచున్నారని గ్రహించి, సున్నపు క్లోరీను నీటితో చేతులు కడుగవలెనని ఆయన మే నెలలో శాసించెను. జూన్‌లో మరణములు నూటికి రెండు మాత్రమే. అయినను ఆనాటి వైద్యులలో పలువురు ఆయనను నమ్మలేదు; పెద్దమనుషుల చేతులు మురికివని యొప్పుకొనుట వారికి కష్టమయ్యెను. మన యిండ్లలో నేటికిని కష్టమే. పురుడు చూడవచ్చిన మేనమామను, వకీలుగారిని, ఉపాధ్యాయుని "చేతులు కడుగుకొనుడు" అని యెవ్వరనగలరు? అందుచేత ముందుగనే గది గుమ్మము వద్ద ఒక బిందె, చెంబు, సబ్బు బిళ్ళ, ఉతికిన తువ్వాలు పెట్టి యుంచుడు. ఇంటి పెద్ద తానే అందఱి యెదుట మొదట కడుగుకొనిన చాలును, ఇతరులు అడుగకయే కడుగుకొందురు. దగ్గు, జలుబు గలవారు గుమ్మమునుండియే ఆశీర్వదింతురు గాక.

పది పదకొండు దినములు పురిటిమైల యని యితరులను రానీయకుండుట మన పాత యాచారము. మైల యనుమాటను మేము అంగీకరింపము. స్త్రీ బిడ్డను గనుటచేత అపవిత్రురాలగుట యెట్లు? కాని జనమును దూరముంచుట మంచిదే. న్యాయస్థానములలో అప్పుడప్పుడు జరుగునట్లే, ఇచ్చట తీర్పు సరియైనది, చెప్పిన కారణము తప్పు. కారణమును మార్చి తీర్పు నుంచుకొందము. ఇరువదియొకటవనాటి తొట్టెల పండుగకు నూఱుగురిని బిలిచి, బిడ్డను చేతినుండి చేతికి మార్చు నేటి పద్ధతి మాత్రము పాత మైలకంటె ఎక్కువ హానికరము.

ఇప్పుడు మన చదువుకొన్న కుటుంబములవారే విశేషముగా వినవలసిన సంగతి. పైన జెప్పిన సర్వేలో తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు కడుపుకోతతోనే జరిగినవి. ప్రయివేటు వైద్యశాలలలో నూటికి 81.5. వీనిలో తల్లీబిడ్డల ప్రాణరక్షణకై చేయబడినవి యెన్నియో యున్నవి; వానిని మేము తప్పుపట్టము. కాని సిద్ధాంతి చెప్పిన లగ్నమునకు బిడ్డను బయటికి దీయుమని వైద్యుని నిర్బంధించుట విద్యావంతుల యిండ్లలోనే యధికము. మంచి నక్షత్రము కొఱకు 39 వారములు నిండకముందే కోయింపగా, ఊపిరితిత్తులు పక్వము గాని బిడ్డ ఆయాసపడుచు యంత్రములలో పడియుండును. ఆ జాతకమును వ్రాసిన సిద్ధాంతి ఆ గది దరిదాపులకు రాడు. ఇంటికి సున్నము కొట్టించుటకంటె ముందు ఇంటి పెద్దలు చేయవలసిన సన్నాహము, ఈ కోరికను కట్టిపెట్టుట.

కోత జరిగిన తల్లి లేవలేదు గనుక పాలు లేవనుకొందురు. పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన బిడ్డలు మన రాష్ట్రమున ఆ సర్వేలో నూటికి 37 మందియే. తక్కిన బిడ్డల నోట మొదట పడునదేమి? తేనె, ఆముదము, చక్కెరనీళ్ళు, డబ్బాపాలు. తేనెలో దాగియుండు సూక్ష్మజీవి బీజములు ఏడాదిలోపు బిడ్డలకు పక్షవాతము వంటి విషరోగమును దేగలవు. పసుపుపచ్చగా, చిక్కగా వచ్చు ముఱ్ఱుపాలను చెడుపాలని పిండి పాఱబోయుట, బిడ్డకు ప్రకృతి యిచ్చిన మొదటి టీకాను పాఱబోయుటయే. ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలు దప్ప నీరైనను వలదు, వేసవిలోను వలదు. ఈ విషయమును అత్తగారితో, అమ్మమ్మతో నేడవ నెలలోనే, తీరికగా, గౌరవముతో మాటలాడవలయును. కాన్పుగది వెలుపల తేనె గిన్నె పట్టుకొని నిలుచున్న వృద్ధురాలితో వాదించుట జయప్రదము గాదు. పాలడబ్బాలను ప్రకటించుటను, నమూనాలను ఉచితముగా పంచుటను 1992 నాటి చట్టము నిషేధించినది. ఎవరైన నమూనా డబ్బా యిచ్చినయెడల అది కానుక గాదు, నేరమని తెలిసికొనుడు.

మన ప్రాంతము పసుపు పంటకు ప్రసిద్ధము. అందుచేత బొడ్డుమీద పసుపు పెట్టు నాశ కోరుట్లవారికి సహజము. పసుపైనను, బూడిదయైనను, కొబ్బరినూనెయైనను వలదు. బొడ్డు పొడిగా, దేనితోను గప్పకుండ నుండిన అదే యెండి రాలిపోవును. ముక్కులోను చెవులలోను నూనె చుక్కలు వేయుట, నీళ్ళు పోసిన పిదప ముక్కులో నూదుట మానవలయును. నూనె ఊపిరితిత్తులలోనికి దిగిన న్యుమోనియా వచ్చును. అంగట గొన్న కాటుకలో సీసముండవచ్చును గనుక కంటికి బెట్టరాదు; దిష్టిచుక్క అరికాలున బెట్టినచో మా యాక్షేపణ లేదు.

గుడ్డల విషయమున మన ముసలమ్మలే గురువులు. క్రొత్త బట్టలకంటె పలుమాఱులుతికిన పాత నూలు చీర మెత్తనిది, చెమట పీల్చునది. రెండు చీరలను చింపి, ఉడుకునీట నుతికి, ఎండలో నారవేసి, శుభ్రమైన సంచిలో గట్టి యుంచిన చాలును. పాత చీరను చింపుట కొనుట గాదు గనుక దిష్టి భయమును లేదు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము సర్కారు దవాఖానాలలో కాన్పైన తల్లులకు కేసీఆర్ కిట్ అను సంచి నిచ్చుట కారంభించెను. అందు దోమతెర, బిడ్డకు గుడ్డలు, తల్లికి చీరలు, సబ్బు, నూనె, పౌడరు మున్నగున వుండెడివి. ఆ సంచి కంటె మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు నాలుగు విడతలుగా నిచ్చు నేర్పాటే పలువురిని సర్కారు దవాఖానాకు మరల్చినదని మా యభిప్రాయము. సంచిలోని వస్తువులలో దోమతెర మిక్కిలి విలువైనది. పౌడరు మాత్రము బిడ్డ ముక్కునకు దూరమే మంచిది.

దూలమునకు గట్టిన చీర తొట్టెలలో బిడ్డ మెడ వంగి గడ్డము ఱొమ్మున కానునట్లు పండుకొనుట అపాయకరము. మేలుకొన్నప్పుడు ఊపుటకే దానిని వాడుడు. నిద్రకు సమతలముగా, గట్టిగా నున్న పడకయే తగును. దానిపై వెల్లకిల బండబెట్టవలయును. దిండ్లు, ఆవగింజల దిండు తప్ప మఱేమియు ప్రక్కన నుండవని గర్వించువారు ఆ యావగింజల దిండును గూడ నిద్రవేళ తీసివేయుదురు గాక. ఇంగ్లండున 1991లో బిడ్డలను వెల్లకిల బండబెట్టుడని ప్రచారము చేయగా, నిద్రలో హఠాత్తుగా పోవు బిడ్డల సంఖ్య కొలది సంవత్సరములలో సగమునకు పైగా తగ్గినది.

తల్లి పథ్యము పేర కారపుపొడి, వెల్లుల్లి, అన్నము మాత్రమే పెట్టి, పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, పండు నిషేధించుట గూడ మానవలసినదే. మన రాష్ట్రమున స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులని ఆ సర్వే చెప్పుచున్నది. కాన్పులో నెత్తురు పోయి, కడుపు కోయబడి, బిడ్డకు పాలిచ్చు స్త్రీకి ఇంతకంటె అన్యాయమేమున్నది? కోత జరిగినవారికి ఎత్తైన మంచము, ప్రక్కనే కుండ నీళ్ళు, దూరము నడువకుండ దగ్గఱలో మఱుగుదొడ్డి, బరువులెత్తకుండ తోడు స్త్రీ, ఇవి ముందుగా నేర్పఱుపవలయును.

ఈ తాలూకాలలో పెక్కిండ్లలో మగవారు దుబాయి, మస్కటు, సౌదీ దేశములలో నుందురు. బిడ్డకు రాత్రివేళ జబ్బు చేసినయెడల నిర్ణయము చేయువారెవరు? కోడలికి ధైర్యము చాలదు, అత్తకు కొడుకు మాట కావలయును, కొడుకు పనిలో నుండి ఫోను ఎత్తడు, తెల్లవాఱును. కావున భర్త ముందుగనే ఫోనులో అందఱు వినునట్లు, "వ్యయమునకు వెఱవవలదు, నన్నడుగవలదు, తల్లికి అనుమానము తోచినచో వెంటనే దవాఖానాకు బొండు" అని చెప్పి యుంచవలయును. కొంత ధనము ఇంటనే, ఆ తల్లి చేతిలోనే యుండవలయును. 108 అంబులెన్సు 2005 నుండి యున్నది. ఆ సంఖ్య యెల్లరకు దెలియును. ఎప్పుడు పిలువవలయునో తెలిసినవారే తక్కువ. బిడ్డ పాలు మానుట, కదలక మందముగా నుండుట, నిమిషమునకు 60కి మించి ఊపిరి తీయుట, ఱొమ్ము లోనికి పోవుట, మూర్ఛ, ఒడలు కాలుట లేక చల్లబడుట, బొడ్డు చుట్టు ఎఱ్ఱబడి చీము కాఱుట, వీనిలో నేదైన కనబడినచో నాటు వైద్యునికొఱకు, అంతరమునకొఱకు కాచుకొనరాదు.

ఈ గుర్తులను చదువు లేని స్త్రీలును నేర్వగలరా యను సందేహమునకు మన పొరుగుననే సమాధానమున్నది. ప్రాణహిత కావలి గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గ్రామస్త్రీలకు శిక్షణనిచ్చి, పుట్టిన బిడ్డలను ఇంటింటికి బోయి చూచునట్లు చేసిరి. ఆ గ్రామములలో నెలలోపు శిశుమరణములు 62 వంతులు తగ్గినవని 1999లో ప్రకటించిరి. 2011 నుండి దేశమంతట ఆశా కార్యకర్తలు ఆ మార్గముననే 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి వచ్చు నేర్పాటు జరిగినది. గొప్ప యిండ్లవారు ఆమెను వాకిటనే నిలిపి సంతకము చేసి పంపుట మేమెఱుగుదుము. ఆమెను లోనికి బిలిచి, పీట వేసి, బిడ్డను తూయనిండు.

చివరి సన్నాహము కాగితములది. 1969 నాటి చట్టమును బట్టి జననమును 21 దినములలోపల నమోదు చేయింపవలయును. 2023 సవరణ ప్రకారము ఆ యేడు అక్టోబరు 1వ తేది తరువాత పుట్టినవారికి బడిలో చేరుటకును, పాస్‌పోర్టునకును జననపత్రమే పుట్టినతేదికి ఆధారము. వైద్యశాలలో పుట్టిన బిడ్డ సంగతిని వైద్యశాలవారే తెలుపుదురు. అందు పేర్లు ఎట్లు వ్రాసిరో చూచుకొను భారము మనది. గల్ఫునకు బోవు యువకులు తండ్రి పేరులో ఒక యక్షరము తేడా వచ్చినందున మా యొద్దకు అఫిడవిట్లకై వచ్చుట దినచర్య. మన ప్రాంతమున ఇరువదియొకటవనాడు పేరు పెట్టుదురు గనుక, పేరు లేనిదే నమోదు కాదని కొందఱు అంతవఱకు ఊరకుందురు. గడువు ఆ దినముతోనే తీఱిపోవును. నమోదునకు బిడ్డ పేరు అవసరము లేదు. మొదట జననమును నమోదు చేయించి, పేరు స్థిరమైన పిదప 12 నెలలలోపల రుసుము లేకుండ చేర్పించవచ్చును. తల్లిదండ్రుల పేర్లను వారి ఆధార్ కార్డులలో నున్నట్లే ఒక కాగితముపై వ్రాసి, వైద్యశాలకు గొనిపోవు సంచిలో గుడ్డలతోపాటు పెట్టి యుంచుడు.